ఒక కాయ కుళ్ళితే పక్క కాయ ఊరికే ఉంటుందా?

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్తాను. ఇన్నిట్లో ఎన్ని చెడతాయో సంభావ్యత కట్టే ద్విపద విభాజనం మొదలుపెట్టే రోజు ఏటా బోర్డు మీద రాసే లెక్క ఒకటుంది. క్రేట్‌లో 20 మామిడికాయలు. ఒక్కో కాయ చెడిపోయి ఉండే సంభావ్యత 5 శాతం. మరి క్రేట్ మొత్తంలో ఒక్క కాయ కూడా చెడకుండా ఉండే సంభావ్యత ఎంత?

తేలికే. కాయ బాగుండే సంభావ్యత 0.95. ఇరవై కాయలూ బాగుండాలంటే ఇరవై 0.95లను గుణించాలి. 0.358 వస్తుంది. అంటే నూరు క్రేట్లకు 36 దాకా శుభ్రంగా ఉంటాయి. సరిగ్గా ఒక్క కాయ చెడినవి 38, రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ చెడినవి 26. పిల్లలు కాలిక్యులేటర్ నొక్కి జవాబు చెప్పేస్తారు, తర్వాతి లెక్కకు వెళ్తాం.

రెండేళ్ల కిందట దామలచెరువు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం పెన్ను కింద పెట్టి లేచింది. వాళ్లకు తోతాపురి తోట ఉంది. "సార్, ఒక కాయ కుళ్ళితే పక్క కాయ ఊరికే ఉంటాదా? తొడిమ కాడ నల్లగా మొదలైతే రెండు మూడు దినాల్లో దాన్ని ఆనుకున్నవి కూడా పోతాయి కదా?"

ఈ పాఠంలో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. ఇరవై 0.95లను గుణించేముందు మనం ఒక మాట ఒప్పుకున్నాం: ఏ కాయ సంగతి ఆ కాయదే, ఒకదాని కుళ్ళు ఇంకోదానికి అంటదు. స్వతంత్ర ఘటనలు అంటే ఇవే. పరీక్షలో ఎవరూ అడగరు గనుక ఆ మాట మీద చూపు నిలవదు. కానీ జవాబు మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

కుళ్ళు బాగా అంటుకునే సందర్భం తీసుకుందాం. ఒకటి చెడితే క్రేట్ మొత్తం చెడుతుంది అనుకోండి. నూరు క్రేట్లలో 5 పూర్తిగా పోయాయి, 95 పూర్తిగా బాగున్నాయి. సగటు కడితే, మొదటి లెక్కలో లాగే, క్రేట్‌కు చెడినది ఒక్క కాయే! కానీ శుభ్రమైన క్రేట్లు 36 కావు, 95. తేడా బయటపడేది విస్తృతిలో. సగటు చుట్టూ విలువలు ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో చెప్పే కొలత అది. కాయలు స్వతంత్రంగా చెడితే విస్తృతి 0.95, ఇలా అంటుకుని చెడితే 19.

ఘటనలు స్వతంత్రమా కాదా అని సగటును, విస్తృతిని పక్కపక్కన పెట్టి చూడటం ఎంత బాగా పనిచేస్తుందో చూపడానికి నేను గుర్రాల లెక్క చెప్తాను. 1898లో బోర్ట్‌కీవిచ్ అనే పండితుడు ప్రష్యా సైన్యంలో గుర్రం తన్ని చనిపోయిన వాళ్ల లెక్కలు ప్రచురించాడు. అందులో పది దళాలకు, ఇరవై ఏళ్లకు, అంటే 200 పద్దులకు 122 మరణాలు. ఒక్క మరణం కూడా లేనివి 109, ఒక్కటి ఉన్నవి 65, రెండున్నవి 22, మూడున్నవి 3, నాలుగున్నది 1. సగటు 0.61. విస్తృతి కట్టండి, 0.608 వస్తుంది. అరుదైన ఘటనలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరిగితే సగటు, విస్తృతి సమానంగా ఉంటాయని పాయిజాన్ విభాజనం చెప్తుంది. పాయిజాన్ దాన్ని రాసింది 1837లో. ఒక దళంలో గుర్రం తన్నడానికి, మరో దళంలో తన్నడానికి సంబంధం లేదు. అందుకే రెండు అంకెలూ అంత దగ్గరగా వచ్చాయి. ఎన్నిసార్లు కట్టినా నాకు ఆ 0.608 దగ్గర సంతోషం కలుగుతుంది.

అలిపిరి దగ్గర నడకదారికి నిమిషానికి సగటున ముగ్గురు భక్తులు వస్తారనుకుని పాయిజాన్ లెక్క ఇస్తే, ఎవరూ రాని నిమిషాలు నూటికి 5 అని జవాబు వస్తుంది. అయితే కొండకు మనుషులు ఒక్కొక్కరుగా వస్తారా? అమ్మ, నాన్న, పిల్లలు, అవ్వ, తాత, అందరూ ఒకేసారి వస్తారు. కుటుంబాలను లెక్కపెడితే పాయిజాన్ నప్పవచ్చు. తలలను లెక్కపెడితే నప్పదు, ఖాళీ నిమిషాలు పెరుగుతాయి.

ఆ రోజు క్లాసు అయ్యాక ఆ అమ్మాయిని అడిగాను, మండీలో సరుకు ఎట్లా చూస్తారమ్మా అని. "మా నాయన ఒకే క్రేట్ గుమ్మరించి చూసేది లేదు సార్. ఒక్కో క్రేట్లో ఒక్కో కాయ తీస్తాడు" అంది.

అప్పటి నుంచి బోర్డు మీద లెక్క మారింది. ఒక కాయ కుళ్ళితే క్రేట్ మొత్తం కుళ్ళిపోయే పెద్ద లోడు వచ్చింది, నూటికి 5 క్రేట్లు అలాంటివి. మీరు 20 కాయలే చూడగలరు. ఒకే క్రేట్‌లోని ఇరవై చూస్తే, కుళ్ళు కంటపడే అవకాశం 5 శాతమే. ఇరవై క్రేట్లలో ఒక్కోటి తీస్తే? ఇప్పుడు కాయలు వేర్వేరు క్రేట్లవి, ఒకదాని కుళ్ళు ఇంకోదానికి అంటుకునే దారి లేదు. పాత 0.358 ఇక్కడ చక్కగా పనికొస్తుంది. ఒక్క కుళ్ళు కాయ కూడా చేతికి రాకుండా పోయే సంభావ్యత అది. కుళ్ళు కంటపడే అవకాశం 64 శాతం.