మొదటి డీఎస్‌ఎల్‌ఆర్ కొనేవాళ్లకు: డబ్బంతా బాడీకే పెట్టేయకండి

"అన్నయ్యా, అరవై వేలున్నాయండి. ఏ బాడీ తీసుకోమంటారు?"

రాజమండ్రిలో స్టూడియో పెట్టి పద్దెనిమిదేళ్లవుతోంది. పెళ్లిళ్ల సీజన్ అయిపోయిందంటే చాలు, వారంలో ఇద్దరు ముగ్గురైనా వచ్చి ఈ మాటే అడుగుతారు. ఏ బాడీ (లెన్స్ లేని ఒట్టి కెమెరా) అనే అడుగుతారు. ఏ లెన్స్ అని అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లను చూస్తే నాకు బాధగా కూడా ఉంటుంది. ఆ అరవై వేలు అమ్మ పాడిన చీటీ డబ్బు అయ్యుంటుంది, లేదంటే రెండేళ్లు ఎవరి దగ్గరో లైట్లు పట్టుకుని కూడబెట్టుకున్నది. ఒకసారి తప్పు కొంటే మళ్లీ కొనే దారి ఉండదు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: ముందు మంచి బాడీ కొనేస్తే లెన్స్ సంగతి తర్వాత చూసుకోవచ్చు

అందరికన్నా ఎక్కువ డబ్బు పోగొట్టేది ఈ ఒక్క మాటే. మిగతా అపోహలన్నీ కలిపినా దీనంత నష్టం చేయవు.

మొన్న మాఘమాసం ముహూర్తాలయ్యాక కోనసీమ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. సెకండ్ హ్యాండ్‌లో ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) బాడీ కొన్నాడు, యాభై రెండు వేలు. మిగిలిన డబ్బుకి ఒక పాత జూమ్ దొరికింది. జూమ్ చేస్తే అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే కన్నం) ఎఫ్ 5.6కి పడిపోయే రకం. ఈ అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నదవుతుంది. ఫ్లాష్‌కి డబ్బుల్లేవు. ఊళ్లో తెలిసినవాళ్ల పెళ్లి ఒప్పుకున్నాడు. ముహూర్తం రాత్రి రెండు దాటాక. ఇంటి ముందు షామియానా, నాలుగు ట్యూబ్‌లైట్లు.

కెమెరా నా బల్ల మీద పెట్టి వెనక స్క్రీన్ మీద ఒక్కో ఫోటో జరుపుతూ చూపించాడు. జీలకర్ర బెల్లం దగ్గర ఆగాడు. పెళ్లికూతురి తల మీద పెళ్లికొడుకు చెయ్యి ఉండాల్సిన చోట తెల్లటి మసక కనిపిస్తోంది. జూమ్ చేసి చూశాం. తమలపాకు అంచు కూడా రెండుగా ఉంది. సెట్టింగ్స్ చూస్తే షట్టర్ 1/30 సెకను, అపర్చర్ 5.6, ఐఎస్‌వో (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 6400. "ఫుల్ ఫ్రేమే కదా అన్నయ్యా, ఇలా ఎందుకొచ్చిందండీ?" అన్నాడు. గొంతు పూడుకుపోయింది. వాళ్లు డబ్బులు ఇవ్వనన్నారని కాదు అతని బాధ. ఆ ముహూర్తం మళ్లీ రాదు కదా.

అతనికి కాగితం మీద వేసి చూపించిన లెక్కే ఇక్కడా వేస్తాను.

సెన్సర్ అంటే వెలుగుని ఫోటోగా మార్చే పలక. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు. కెనాన్ క్రాప్ (అంతకన్నా చిన్న) సెన్సర్ దాదాపు 22.3×14.9. వైశాల్యం చూస్తే ఫుల్ ఫ్రేమ్ సుమారు రెండున్నర రెట్లు పెద్దది. అంటే చీకట్లో నాయిస్ (ఫోటోలో వచ్చే గరుకు చుక్కలు) విషయంలో స్టాప్ కన్నా కాస్త ఎక్కువ లాభం. వెలుగు రెట్టింపైతే ఒక స్టాప్. అది నిజమైన లాభమే, కాదనను. ఇప్పుడు లెన్స్ వైపు రండి. ఎఫ్ 5.6 నుంచి ఎఫ్ 1.8కి వస్తే లోపలికొచ్చే వెలుగు తొమ్మిది రెట్లకు పైగా పెరుగుతుంది. మూడు స్టాప్‌ల పైమాటే. పదివేలకు అటూ ఇటూగా దొరికే 50 ఎం.ఎం. 1.8 లెన్స్ ఇచ్చే లాభం ముందు వేలకు వేలు పోసి కొన్న సెన్సర్ లాభం సగం కూడా లేదు.

అదే షామియానా కింద, అదే ట్యూబ్‌లైట్ల వెలుగులో, మామూలు క్రాప్ బాడీకి 1.8 లెన్స్ తగిలించి ఉంటే షట్టర్ 1/125 పెట్టుకుని ఐఎస్‌వో 3200తో తీసేవాడు. చెయ్యి చెయ్యిలా వచ్చేది. 1.8 దగ్గర ఫోకస్ లోతు చాలా తక్కువ. వధూవరులిద్దరూ ఒకే దూరంలో లేకపోతే ఒకరి కళ్లు మెత్తబడతాయి. అందుకే నేనైతే 2.2 లేదా 2.5 పెట్టి ఐఎస్‌వో కొంచెం పెంచుకుంటాను. అలా పెట్టినా 5.6 కన్నా ఎంతో మేలు.

మన పెళ్లిళ్లలో ముఖ్యమైన ఘట్టాలు చాలావరకు రాత్రిపూటే జరుగుతాయి. జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు అన్నీ క్షణాల్లో అయిపోతాయి. గృహప్రవేశం తెల్లవారుజామున. ఇంట్లో పూజలంటే చిన్న గది, ఒక్క బల్బు. పట్టపగలు కొండలూ కోనలూ తీసేవాళ్లు ఇచ్చిన సలహాలు మనకు పనికిరావు. ఎండలో ఏ కెమెరా అయినా బాగానే తీస్తుంది. మన పని చీకట్లో ఉంది.

అందుకే అరవై వేలుంటే నా పద్ధతి ఇది. క్రాప్ సెన్సర్ బాడీ, దానితో పాటే వచ్చే 18-55 కిట్ లెన్స్‌తో కలిపి, దొరికితే కొత్తది, లేదంటే సెకండ్ హ్యాండ్ అయినా సరే. కెనాన్ 1500డి, 200డి, నికాన్ డి3500, డి5600 ఈ వరుసలోవి. దానికి తోడు ఒక ప్రైమ్ లెన్స్, అంటే 50 ఎం.ఎం. 1.8 లాంటి జూమ్ లేని లెన్స్. తల తిప్పి కప్పుకేసి కొట్టగలిగే ఫ్లాష్ ఒకటి. ఇంకో బ్యాటరీ, రెండు కార్డులు. ముందు ప్రైమ్‌కీ ఫ్లాష్‌కీ డబ్బు పక్కన పెట్టి, మిగిలిన దానిలో ఏ బాడీ వస్తే అది కొనండి. అందరూ చేసేది దీనికి సరిగ్గా ఉల్టా.

ప్రైమ్ కొనేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. క్రాప్ బాడీ మీద 50 పెడితే ఫుల్ ఫ్రేమ్‌లో 75-80 చూసినట్టు కనిపిస్తుంది. ముఖాలకు బాగుంటుంది గానీ పదడుగుల గదిలో నలుగురిని పట్టాలంటే వెనక్కి వెళ్లడానికి గోడ అడ్డొస్తుంది. నికాన్ వాళ్లకు 35 ఎం.ఎం. 1.8 డీఎక్స్ చక్కగా సరిపోతుంది. కెనాన్ వాళ్లకు 24 ఎం.ఎం. 2.8 ఎస్‌టీఎం ఉంది, బిళ్లలాంటి చిన్న లెన్స్.

రెండోది నికాన్ వాళ్లను ఏడిపించేది. 50 ఎం.ఎం. 1.8డి అని పాత లెన్స్ ఒకటి చవగ్గా దొరుకుతుంది. దానిలో మోటార్ ఉండదు. డి3000 వరుస, డి5000 వరుస బాడీల్లోనూ ఫోకస్ మోటార్ లేదు. రెండూ కలిస్తే ఆటోఫోకస్ అసలు పనిచేయదు, రింగు చేత్తో తిప్పుకోవాల్సిందే. పేరులో ఏఎఫ్-ఎస్ అని ఉన్నదే అడగండి, దానిలో మోటార్ ఉంటుంది. అలాగే ఏఎఫ్-పి అని ఉన్న కొత్త కిట్ లెన్సులు డి90, డి3100 లాంటి పాత బాడీల మీద ఫోకస్ చేయవు. ఈ సంగతి తెలియక లెన్స్ పాడైపోయిందని కంగారుగా నా దగ్గరికి తెచ్చినవాళ్లు ఉన్నారు. లెన్స్ బంగారంలా ఉంటుంది, జతే కుదరలేదు.

అపోహ: మెగాపిక్సెల్ ఎక్కువుంటే క్లారిటీ ఎక్కువ

ఆల్బం లెక్కలో చెప్తాను. మనం వేసే 12×36 ఆల్బంలో ఒక పేజీ 12×18 అంగుళాలు. 18 మెగాపిక్సెల్ ఫోటో 5184×3456 చుక్కలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున వేసినా 17 అంగుళాలు దాటుతుంది. పేజీ నిండిపోయినట్టే. 24 మెగాపిక్సెల్ అయితే 20 అంగుళాలు. 18కీ 24కీ తేడా ఆల్బంలో కంటికి ఆనదు. ఫోకస్ తప్పిన ఫోటోకి ఎన్ని మెగాపిక్సెళ్లున్నా అది తప్పిన ఫోటోయే.

అలాగని కెనాన్ 3000డి తీసుకోమని చెప్పను. దాన్ని వద్దనడానికి కారణాలు వేరే ఉన్నాయి. లెన్స్ బిగించే మౌంట్ ప్లాస్టిక్‌ది. వ్యూఫైండర్ పక్కన చూపు సరిచేసుకునే డయాప్టర్ చక్రం లేదు. కళ్లజోడు వాడేవాళ్లకు అది పెద్ద లోటు. కాస్త ఎక్కువైనా 1500డికి వెళ్లండి.

అపోహ: డీఎస్‌ఎల్‌ఆర్ చచ్చిపోయింది, ఇప్పుడు కొంటే డబ్బు మట్టిలో పోసినట్టే

కెనాన్, నికాన్ రెండూ 2018లో ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌కి (డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఉండే అద్దం లేని కెమెరాలకి) కొత్త మౌంట్లు తెచ్చాక దృష్టంతా అటు మళ్లించాయి. నిజమే. కానీ దానివల్ల మీ చేతిలో ఉన్న కెమెరా ఫోటో తీయడం మానేయదు. పైగా పెద్ద స్టూడియోల వాళ్లు మిర్రర్‌లెస్‌కి మారుతూ పాతవి అమ్మేస్తున్నారు కాబట్టి తక్కువ డబ్బున్నవాళ్లకు ఇది మంచి సమయం. రేపు మీరూ మారతారనుకోండి, కెనాన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో కొత్త ఆర్ (మిర్రర్‌లెస్) బాడీల మీద చక్కగా ఫోకస్ చేస్తాయి. నికాన్‌లో ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో ఏఎఫ్-ఎస్ లెన్సులు పనిచేస్తాయి. మోటార్ లేని డి లెన్సులకు అక్కడా ఆటోఫోకస్ రాదు. కాబట్టి లెన్స్ మీద పెట్టిన డబ్బు మీతోనే వస్తుంది. బాడీ మీద పెట్టినదే కరిగిపోయేది.

అపోహ: సెకండ్ హ్యాండ్ అంటే మోసమే

మోసాలు ఉన్నాయి. అయినా భయపడక్కర్లేదు, చూసుకోవడం తెలిస్తే చాలు. ఒక అరగంట అడగండి. ఇవ్వనంటే లేచి వచ్చేయండి.

లెన్స్ రెండు మూతలూ తీసి, వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చ్ వేసి, ముందు నుంచి కాస్త పక్కగా వంచి చూడండి. సాలెగూడు పోగుల్లా సన్నటి గీతలు చెట్టుకొమ్మల్లా పాకి ఉంటే ఫంగస్ పట్టినట్టు. ఒక్క చుక్క ఉన్నా వద్దు. రెండు మూడు ధూళి రేణువులు ఉంటే మాత్రం పర్వాలేదు, వాటివల్ల ఫోటోకి ఏమీ కాదు. తర్వాత బాడీ. అపర్చర్ ఎఫ్ 16 పెట్టి తెల్లగోడనో ఆకాశాన్నో ఫోకస్ తప్పించి తీయండి. నల్లటి మచ్చలు కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ము. అది శుభ్రం చేయించుకోవచ్చు, దాన్ని చూపించి రేటు తగ్గించమని అడగండి.

షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో ఆ లెక్క) నికాన్‌లో అయితే అప్పటికప్పుడు తీసిన జేపీఈజీ ఫైల్‌లోనే నమోదై ఉంటుంది. కెనాన్‌లో సాధారణంగా అలా ఫోటోలో దొరకదు, బాడీని కంప్యూటర్‌కి తగిలించి వేరే సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. నికాన్ డి7200 షట్టర్‌ని 1,50,000 సార్లకు పరీక్షించారు, కెనాన్ 80డిని 1,00,000కి. ఆ అంకె దాటగానే ఆగిపోతుందని కాదు, ముందే పోదని కూడా కాదు. పెళ్లిళ్లలో తిరిగిన బాడీ అయితే ఒక్క సీజన్లోనే వేలకు వేలు కొట్టేసి ఉంటారు. పైన పెయింట్ మెరుస్తోంది కదా అని మురిసిపోకండి.

ఫంగస్ గురించి ఇంకో మాట. స్టూడియో పెట్టిన కొత్తలో నా దగ్గరున్న ఒకే ఒక్క మంచి జూమ్‌ని భద్రంగా దాచుకుంటున్నానని తోలు సంచిలో పెట్టి బీరువాలో ఉంచాను. ఆషాఢం నుంచి కార్తీకం దాకా పెద్దగా తీయలేదు. గోదావరి గాలి, ముసురు, గాలాడని బీరువా. తీసి చూసేసరికి లోపలి అద్దం మీద తెల్లటి బూజు. శుభ్రం చేయిస్తే బూజు పోయింది గానీ అద్దం మీది కోటింగ్‌ని అప్పటికే తినేసింది. ఎదురు వెలుగులో తీస్తే ఫోటో అంతా పాలిపోయి వచ్చేది. ఆ రోజు అన్నం సయించలేదు.

బియ్యం డబ్బాలో పెట్టమని చెప్పేవాళ్ల మాట దయచేసి వినకండి. బియ్యప్పిండి, దుమ్ము లెన్స్ రింగుల్లోకి పోతాయి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, దానిలో నాలుగు సిలికా జెల్ పొట్లాలు, తేమ చూపించే చిన్న మీటర్ ఒకటి. అంతకు మించి అక్కర్లేదు. మీటర్ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. వారానికోసారి తీసి వాడండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

కిట్ లెన్స్ పనికిరాదంటారు. పగటి వెలుగులో ఎఫ్ 8 పెట్టి తీసి చూడండి. 55 దగ్గర పెట్టి మనిషికి దగ్గరగా వెళ్లి, వెనక గోడ దూరంగా ఉండేలా నిలబెడితే బ్యాక్‌గ్రౌండ్ కూడా మసకబారుతుంది.

లెన్స్‌లో వీఆర్ (నికాన్), ఐఎస్ (కెనాన్) ఉంటే బ్లర్ రాదంటారు. అది ఆపేది మీ చేతి వణుకుని మాత్రమే. తలంబ్రాలు పోస్తున్న చేతుల కదలికను ఏ వీఆర్ కూడా ఆపదు, షట్టర్ స్పీడే ఆపాలి.

కాంబో ఆఫర్‌లో లెన్స్ ముందు మరబిగించే "వైడ్ యాంగిల్" అద్దం ఉచితమంటారు. పెట్టి తీస్తే అంచులన్నీ సాగిపోతాయి. వంద రూపాయల యూవీ ఫిల్టర్ అయితే రాత్రి లైట్లలో పచ్చటి బొట్లు వేస్తుంది. రెండూ వదిలేసి ఆ డబ్బుతో ఇంకో కార్డు ఇమ్మనండి.

మాన్యువల్ మోడ్‌లో తీస్తేనే ఫోటోగ్రాఫర్ అంటారు. వెలుగు మారిపోయే చోట నేను ఇప్పటికీ అపర్చర్ ప్రయారిటీలో (అపర్చర్ మనం పెడితే షట్టర్ కెమెరా చూసుకునే మోడ్‌లో) ఐఎస్‌వో ఆటో పెట్టి, కనీస షట్టర్ 1/125కి కట్టేసి తీస్తాను.

ఇక ప్రైమ్ ఏది కొనాలో తేల్చుకోలేకపోతే నన్ను అడగకముందే చేయదగ్గ పని ఒకటుంది. దీనికి పైసా ఖర్చులేదు. మీ 18-55 కిట్ లెన్స్‌ని 35 దగ్గర పెట్టి జూమ్ రింగు కదలకుండా చిన్న సెల్లోటేపు అంటించండి. ఒక వారం అలాగే తీయండి. వంటగదిలో అమ్మ, అరుగు మీద తాతయ్య, రాత్రి భోజనాల దగ్గర పిల్లలు, అందరినీ. తర్వాతి వారం టేపు తీసి 50 దగ్గర అంటించండి. మళ్లీ అదే మనుషులు, అవే గదులు. ఏ వారం మీ వీపు ఎక్కువసార్లు గోడకు తగిలిందో గుర్తుంచుకుని అప్పుడు రండి.