ఖాతా దాకా వెళ్ళి టోకెన్‌కు తిరిగొచ్చిన డబ్బు

2023 డిసెంబర్ మూడో వారంలో ఉత్తర చెన్నైలో ఏ రేషన్ షాపు ముందు చూసినా పొడుగాటి వరసలే. మా చూళై వీధిలోనూ అంతే. అందరి చేతుల్లో ఎప్పుడు రావాలో రాసిచ్చిన టోకెన్, స్మార్ట్ రేషన్ కార్డు. లోపల బల్ల మీద అయిదొందల నోట్ల కట్టలు. ఆ నెల 3, 4 తేదీల్లో చెన్నైని ముంచేసి, 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను సాయం అది. కార్డుకు రూ.6,000. చెన్నైలోనూ, పక్క జిల్లాల్లోని ముంపు ప్రాంతాల్లోనూ కలిపి 24 లక్షలకు పైగా కుటుంబాలకు ఇలా చేతికే ఇచ్చారు.

టీ డబ్బులు కూడా స్కాన్ చేసి కట్టే ఊళ్ళో ఈ నోట్ల కట్టలేమిటి, బ్యాంకులో వేస్తే పోదా అని చాలామంది అడిగారు. మాట మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళింది. పంపిణీ మాత్రం ఆగలేదు.

చిత్రమేమిటంటే, అంతకు ఎనిమిదేళ్ళ ముందు ఇదే ఊరు ఇంకో దారిలో నడిచింది. 2015 డిసెంబర్ వరదలప్పుడు జయలలిత ప్రభుత్వం గుడిసెలకు రూ.10,000, నీళ్ళు చొరబడిన మిగతా ఇళ్ళకు రూ.5,000 ప్రకటించి, డబ్బు బ్యాంకు ఖాతాల్లోనే వేస్తామంది. ఉద్యోగులు ఇంటింటికీ తిరిగి ఖాతా నంబర్లు రాసుకున్నారు. పాస్‌బుక్కే వరదలో కొట్టుకుపోయినవాళ్ళు నంబరు ఎక్కణ్ణుంచి తెస్తారు? మా వీధిలో ఒకాయన డబ్బు నెలలకు గానీ తేలలేదు. నంబరులో ఒక అంకె తప్పు పడిందట.

అంతకు ముందు కాలం మనియార్డరుది. తమిళనాడులో వృద్ధాప్య పింఛను 1962లో నెలకు రూ.20తో మొదలైంది. పోస్ట్‌మాన్ ఇంటికి తెచ్చి, వేలిముద్ర వేయించుకుని ఇచ్చేవాడు. మా నాయనమ్మ ఆ రోజు పొద్దున్నుంచే అరుగు మీద కూర్చునేది. పోస్ట్‌మాన్‌కు కాఫీ నీళ్ళు, చేతిలో కాస్త చిల్లర. దాన్ని లంచమని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. అనుకోవలసిందేమో. మనియార్డరు కమీషన్ ఇరవై రూపాయలకు ఒక రూపాయి. 2011లో పింఛను వెయ్యి అయింది. ఆ లెక్కన ఒక్కొక్కరికి పంపడానికి నెలకు యాభై. సర్కారు బ్యాంకుల వైపు చూడడంలో ఆశ్చర్యం లేదు.

బ్యాంకు శాఖ లేనిచోట ఏజెంటు చేతిలో మెషిన్ పెట్టి డబ్బు ఇప్పించడానికి రిజర్వ్ బ్యాంకు 2006 జనవరిలో ఒప్పుకుంది. మరుసటి నెల 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. లక్షల మంది కూలీలకు వారం వారం డబ్బు ఎలా ఇవ్వాలన్న ప్రశ్న అప్పుడే గట్టిగా ఎదురైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దీనికి స్మార్ట్‌కార్డు పెట్టింది. వేలిముద్ర మెషిన్ పట్టుకుని ఊళ్ళోనే డబ్బు ఇచ్చే పని చాలాచోట్ల పొదుపు సంఘం ఆడవాళ్ళకే అప్పగించారు. దాదాపు 160 మండలాల్లో ముగ్గురు ఆర్థికవేత్తలు దీన్ని పరిశీలించి, కూలీ త్వరగా అందిందనీ, మధ్యలో తినడం తగ్గిందనీ 2016లో ప్రచురించారు. ఒకటి గమనించాలి. అక్కడ కూడా కూలీ చేతిలో చివరికి పడింది నోటే. మారింది ఆ నోటు ఎవరికి, ఎప్పుడు ఇచ్చారన్న లెక్క రాసే పద్ధతి.

ఆధార్ వచ్చాక ఊపు పెరిగింది. సర్కారు సాయాన్ని నేరుగా ఖాతాలోకి పంపే నగదు బదిలీ 2013 జనవరి 1న దేశంలో కొన్ని జిల్లాల్లో మొదలైంది. కొద్ది రోజులకే తూర్పు గోదావరి జిల్లా గొల్లప్రోలులో పెద్ద సభ పెట్టారు. 2014 ఆగస్టులో జన్‌ధన్ ఖాతాలు, 2015 జనవరి నుంచి దేశమంతా గ్యాస్ సబ్సిడీ ఖాతాలోకి. ఇవన్నీ అందరికీ తెలిసినవే.

చెన్నైలో అసలు మలుపు 2023 సెప్టెంబర్ 15. అన్నాదురై పుట్టినరోజున కాంచీపురంలో స్టాలిన్ మహిళల హక్కు సొమ్ము (మగళిర్ ఉరిమై తొగై) పథకం మొదలుపెట్టారు. నెలకు రూ.1,000, కోటీ ఆరు లక్షల మంది ఆడవాళ్ళకు, నేరుగా ఖాతాలోకి. ఖాతాలు పనిచేస్తున్నాయా లేదా అని ముందుగా రూపాయి పంపి చూశారు. ఇంత జాగ్రత్తపడినా కొన్ని బ్యాంకులు వచ్చిన వెయ్యిలోంచి మినిమమ్ బ్యాలెన్స్ లేదంటూ పాత బాకీ కోసుకున్నాయి. ఆర్థికమంత్రి తంగం తెన్నరసు బహిరంగంగానే మండిపడ్డారు. వెయ్యి కోసం ఏళ్ళనాటి ఖాతా తిరగదోడితే, ఆ వెయ్యి ఖాతా జరిమానాకే పోయింది. పోస్ట్‌మాన్ చిల్లరతో ఊరుకునేవాడు కదా!

ఇది జరిగి మూడు నెలలు తిరక్కుండానే తుపాను వచ్చింది. రేషన్ షాపులో నగదు ఇవ్వడం ప్రభుత్వానికి కొత్త కాదు. 2021 సంక్రాంతికి రూ.2,500, అదే ఏడాది కరోనా సాయం రెండు విడతల్లో రూ.4,000 అలాగే ఇచ్చారు. షాపు వీధి చివరే ఉంటుంది, కార్డు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంది, బ్యాంకు కోత లేదు. ఇంకో కారణం కూడా ఉందని నా అనుమానం. ఫోన్‌లో వచ్చే మెసేజ్‌కు మొహం ఉండదు. టోకెన్ తెచ్చి ఇచ్చేవాళ్ళకు ఉంటుంది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ లెక్క మరిచిపోదు.

ఆంధ్రలో పింఛను నేటికీ ఒకటో తారీఖున ఇంటికే వెళ్తుంది. 2024 ఎన్నికల వేళ, ఇంటికి పింఛను తెచ్చే వాలంటీర్లను పక్కన పెట్టాల్సి వచ్చి, మే నెలలో దాదాపు ముప్పావు వంతు మందికి ఖాతాలో వేశారు. ఎండలో ముసలివాళ్ళు బ్యాంకుల ముందు పడిన అవస్థ నెల్లూరులో మా బంధువులు ఫోన్ చేసి చెప్పారు. జులై నుంచి మళ్ళీ గుమ్మం దగ్గరికే, గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగుల చేతుల మీదుగా.

ఖాతాలో పడే డబ్బుకు ఇంకో తిరకాసుంది. ఆధార్ ద్వారా పంపే డబ్బు మనం రాసిచ్చిన ఖాతా నంబరును చూడదు. ఏ బ్యాంకులో ఆఖరుగా ఆధార్ కలిపామో ఆ బ్యాంకుకే పోతుంది. ఎప్పుడో సిమ్ముతో పాటు తెరిచిన ఖాతా అయినా సరే. మా అత్తకు హక్కు సొమ్ము మొదటి నెల మంజూరైందని మెసేజ్ వచ్చింది, డబ్బు మాత్రం కనబడలేదు. "ఏ బ్యాంకులో పడిందో చూడరా అబ్బాయ్" అంటూ మూడు పాస్‌బుక్కులు నా ముందు పెట్టింది. ఆమె మరిచేపోయిన నాలుగో దాంట్లో ఉంది. అందులో కోత కూడా పడింది. మినిమమ్ బ్యాలెన్స్ అక్కర్లేని ఖాతా ఒకటి తెరిపించి, ఆధార్ దానికి మార్పించాం. మరుసటి నెల కొత్త బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. అత్త అది చదివించుకుని, వెంటనే ఏటీఎంకు తీసుకెళ్ళమంది.