ఎండతో హైడ్రోజన్: ఏక పరమాణు ఉత్ప్రేరకాల వెనుక కథ

2025 వానకాలంలో ఉత్తర తెలంగాణ సహకార సంఘాల ముందు రైతులు చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి యూరియా కోసం గంటల తరబడి ఎదురుచూశారు. ఆ 45 కిలోల బస్తా తయారు కావాలంటే దాదాపు నాలుగున్నర కిలోల హైడ్రోజన్ కావాలి. ఏటా 12.7 లక్షల టన్నుల సామర్థ్యంతో 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన రామగుండం కర్మాగారం దాన్ని సహజవాయువు నుంచి తీస్తోంది. 1999లో మూతపడిన పాత కర్మాగారం బొగ్గు నుంచి తీసేది. రెండు దారుల్లోనూ బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది కాబట్టి, ఎండతో నీటినే విడగొట్టి హైడ్రోజన్ తీసే పరిశోధన ఈ ప్రాంతానికి దూరపు సంగతి కాదు.

ఆ పరిశోధనకు మూలం జపాన్‌లో ఉంది. టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్‌పై అతినీలలోహిత కాంతి పడితే నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడిపోతుందని ఫుజిషిమా, హోండా 1972లో ప్రకటించారు. అయితే సూర్యకాంతిలో ఆ కిరణాల వాటా సుమారు ఐదు శాతమే. కంటికి కనిపించే కాంతిని కూడా వాడుకోగల కార్బన్ నైట్రైడ్ (కార్బన్, నైట్రోజన్ కలిసిన పదార్థం) 2009లో వెలుగులోకి వచ్చింది కానీ, హైడ్రోజన్ చురుగ్గా పుట్టాలంటే దానిపైనా చర్యను వేగపరిచే ఉత్ప్రేరకంగా ప్లాటినం వంటి ఖరీదైన లోహపు రేణువులు అద్దక తప్పలేదు.

రేణువులో అసలు పని చేసేది ఉపరితలం మీది పరమాణువులే. కల్లంలో రాశి పోసిన వడ్లకు పైపొరకే ఎండ తగిలినట్టు, లోపలి ప్లాటినమంతా వృథాగా ఉండిపోతుంది. 2011లో చైనాలోని దాలియన్‌లో ఝాంగ్ తావో బృందం ఐరన్ ఆక్సైడ్‌పై ప్లాటినాన్ని విడివిడి పరమాణువులుగా, అంటే ఏక పరమాణు ఉత్ప్రేరకంగా, నిలిపి, కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సీకరించి చూపింది. విడి పరమాణువులు వేడికి జరిగి ముద్దకట్టడం ఇందులో పెద్ద చిక్కు. కార్బన్ నైట్రైడ్‌లో నైట్రోజన్ చుట్టిన ఖాళీలు వాటిని పట్టి ఉంచగలవు కనుక, 2016 నాటికి అదే ప్లాటినం సూర్యకాంతి ప్రయోగాల్లోకి వచ్చింది. 2019లో కొరియా శాస్త్రవేత్తలు టైటానియం డయాక్సైడ్‌లో ఒంటరి రాగి పరమాణువులను కుదిర్చినప్పుడు, కాంతి పడగానే ఆ పొడి రంగు ముదిరి, ఆక్సిజన్ తగిలాక మళ్లీ మామూలైంది. ప్లాటినం బదులు చవకైన రాగి హైడ్రోజన్ పుట్టించే పని చేయడమే నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన మలుపు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇలాంటి ప్రయోగాల్లో చాలావాటిలో నీటికి మిథనాల్‌నో ట్రైఇథనోలమైన్‌నో కలుపుతారు. అవి ఆక్సిజన్ పుట్టే కష్టమైన సగాన్ని తప్పిస్తాయి గనుక, ఆ లెక్కలను సంపూర్ణ నీటి విభజనగా చదవకూడదు. కలిపినదేమీ లేకుండా నీటిని పూర్తిగా విడగొట్టే దిశలో ముందున్నది జపాన్ శాస్త్రవేత్త కజునారి డోమెన్ బృందం. 2020లో అతినీలలోహిత కాంతిలో 96 శాతం వరకు క్వాంటం సామర్థ్యం (కాంతి కణాల్లో చర్యకు పనికొచ్చిన వాటా) సాధించినా, ఆరుబయట 100 చదరపు మీటర్ల పలకలపై సూర్యశక్తిలో హైడ్రోజన్‌గా మారినది అత్యధికంగా 0.76 శాతమే. అక్కడ వాడినవి ఏక పరమాణువులు కావు కూడా. లోహం ఖర్చును ఒంటరి పరమాణువు తగ్గిస్తుంది. కనిపించే కాంతిని చాలినంతగా వాడుకోవడం అన్న అసలు సమస్యను అదొక్కటే తీర్చలేదు.

2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన రూ.19,744 కోట్ల హరిత హైడ్రోజన్ మిషన్ 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తిని లక్ష్యంగా పెట్టుకుంది. ప్రస్తుతానికి దాని భారమంతా సౌర, పవన విద్యుత్తుతో నీటిని విడగొట్టే ఎలక్ట్రోలైజర్లదే. హైడ్రోజన్ ఏ దారిన వచ్చినా యూరియా విషయంలో ఇంకో మెలిక ఉంది. యూరియాకు బొగ్గుపులుసు వాయువు కూడా ముడిసరుకే, ఇప్పుడది సహజవాయువుతోనే చేతికి వస్తోంది. గ్యాస్‌ను పక్కన పెట్టిన రోజున రామగుండం దాన్ని వేరేచోట నుంచి, బహుశా పొరుగునే ఉన్న థర్మల్ కేంద్రం పొగగొట్టాల నుంచి, పట్టుకోవలసి ఉంటుంది.