ఒకే నది, ఒకే చేప, గుండె మాత్రం వేరు

కైకలూరు వైపు చేపల చెరువులున్నవాళ్ళకి ఎండాకాలం తెల్లవారుజామంటే టెన్షనే. చేపలు తేలి నోళ్ళు తెరుస్తున్నాయంటే పరిగెత్తి నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు వేస్తారు. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో పట్టే ఆక్సిజన్ తగ్గిపోతుంది మరి, 10 డిగ్రీల దగ్గర లీటరుకి 11 మిల్లీగ్రాముల దాకా పడితే 30 డిగ్రీల దగ్గర 7.5 దగ్గరే ఆగిపోతుంది, సరిగ్గా అప్పుడే వేడికి చేప ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి.

మరి ఏరేటర్ లేని నదిలో చేప ఏం చేస్తుంది? దీనికి నాకు బాగా నచ్చిన జవాబు కెనడాలోని ఫ్రేజర్ నదిలో ఉంది. అక్కడ సాకై సాల్మన్ అని ఒక చేప, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి తను పుట్టిన వాగు వాసన పట్టుకుని నదిలో ఎదురీదుతుంది. నదిలోకొచ్చాక తిండి కూడా తినదు, గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది, అంటే ఉన్నది ఒక్కటే ఛాన్స్. ఎవరి వాగుకి వాళ్ళే పోతారు కాబట్టి జాతి ఒకటే అయినా జన్యువుల్లో తేడా ఉన్న గుంపులు వందకి పైనే ఉన్నాయి. వీవర్ వాగు గుంపుకి ప్రయాణం సుమారు 100 కిలోమీటర్లు, అదీ చలి మొదలయ్యాక. చిల్కో సరస్సు గుంపుకి 600 పైనే, మండు వేసవిలో, వెయ్యి మీటర్లకి పైగా ఎత్తు ఎక్కుతూ.

ఎరికా ఎలియాసన్ అనే శాస్త్రవేత్త బృందం ఈ గుంపుల్ని టన్నెల్ లాంటి ట్యాంకుల్లో రకరకాల వేడి దగ్గర ఈదించి, ఎంత ఆక్సిజన్ వాడుకోగలుగుతున్నాయో కొలిచి 2011లో రిజల్ట్స్ బయటపెట్టింది. ఏ గుంపు దారిలో ఎప్పట్నించో ఎంత వేడి ఉంటోందో ఆ గుంపు ఆ వేడిలోనే బాగా ఈదుతోంది! వీవర్ చేపలు చతికిలపడే వేడిలో కూడా చిల్కోవి ఈదేశాయి.

తేడా అంతా గుండెలో ఉంది. చేప గుండెకి వచ్చేది ఒళ్ళంతా తిరిగి ఆక్సిజన్ అయిపోయిన రక్తం, అందరికీ వడ్డించాక గిన్నెలో మిగిలింది తినే అమ్మ పరిస్థితి అన్నమాట. సాల్మన్ గుండె బయటి పొరకి మాత్రం మంచి రక్తం తెచ్చే సొంత రక్తనాళం ఉంటుంది. కష్టమైన దారిలో పోయే గుంపుల్లో గుండె పెద్దది, ఈ సప్లై కూడా ఎక్కువ. చిల్కో చేపల గుండెలో అడ్రినలిన్ అనే హార్మోన్‌ని పట్టుకునే రిసెప్టర్లు కూడా ఎక్కువే, అందుకే వేడిలో కూడా గుండె పట్టు తప్పకుండా కొట్టుకోగలుగుతుందని వాళ్ళ అంచనా.

చిక్కేంటంటే 1950ల నించి ఫ్రేజర్ వేసవి వేడి దాదాపు 2 డిగ్రీలు పెరిగింది, పైగా 1990ల మధ్య నించి వీవర్ లాంటి గుంపులు వారాల ముందే నదిలోకొచ్చేసి వాటికి అలవాటు లేని వేడిలో చిక్కుకుంటున్నాయి.

మళ్ళీ అలవాటు పడొచ్చు కదా అంటే, మన పశ్చిమ బెంగాల్‌లో పట్టి నార్వే తీసుకెళ్ళిన జీబ్రా ఫిష్ అనే చిన్న చారల చేపతో ఆ ప్రయోగమూ చేశారు. వేడికి తట్టుకున్నవాటినే ఏరి ఏరి పిల్లల్ని చేయిస్తే ఆరు తరాలకి వేడి హద్దు పెరిగింది 0.22 డిగ్రీలు, ఉల్టాగా తట్టుకోలేనివాటిని ఏరితే మాత్రం 0.74 పడిపోయింది. అంటే దిగడం ఈజీ, ఎక్కడమే కష్టం. చేప వేరు కాబట్టి లెక్క అచ్చంగా సరిపోదు గానీ, సాకైకి ఒక తరమంటే ఎక్కువగా 4 ఏళ్ళు, ఆరు తరాలంటే 24 ఏళ్ళు.