రాగిరేకుకు చెమ్మ, కాగితానికి వెలుతురు

శ్రీకాకుళం జిల్లా ముఖలింగమే ఒకప్పటి కళింగనగరమని చాలామంది చరిత్రకారుల మాట. అక్కణ్ణుంచి ఏలిన తూర్పు గాంగులు ఊళ్లూ భూములూ దానమిస్తే ఆ సంగతి రాగిరేకులమీద చెక్కించేవారు. రేకులకు కంత, కంతలో కడియం, కడియం అతుకుమీద రాజముద్ర. ముద్ర చెదరకపోతే నడుమ రేకు ఎవరూ మార్చలేదన్నమాట. చాలావాటికి అంచులు కాస్త ఎత్తుగా ఉంటాయి, ఒకదానిమీద ఒకటి పెట్టినా అక్షరాలు ఒరుసుకోవు.

మ్యూజియంలో ఇలాంటి రేకు కనబడితే ముందు దాని రంగు చూడండి. గోధుమరంగు, ముదురుపచ్చ గట్టిపొర ఉంటే మంచిదే, అది కవచం. లేతపచ్చగా పొడిపొడిగా రాలే మచ్చలే ప్రమాదం. మట్టిలో పట్టిన ఉప్పు తాలూకు క్లోరైడుకు తేమ, ఆక్సిజన్ తోడైతే రాగిని తినేస్తుంది. ఆ చర్యలో పుట్టే ఆమ్లం మళ్లీ కొత్త రాగి మీద పడుతుంది. తేమ 40 శాతం లోపుంటే ఇది దాదాపు ఆగుతుంది. మన తీరంలో చాలా నెలలు 70 పైనే కాబట్టి బిగుతైన పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు పెడతారు. నీలం గుళికలు గులాబీకి తిరిగాయంటే ఇక తేమ పీల్చవు. 120 డిగ్రీల వేడిలో ఆరబెట్టి మళ్లీ పెట్టాలి. చింతపండుతో తోమడం చెంబులకే. రేకును తోమితే కవచంతోపాటు సన్నగీతలూ పోతాయి.

కాగితాన్ని అంత పొడిగా ఉంచితే పెళుసెక్కుతుంది. అందుకే రెంటినీ ఒకే పెట్టెలో పెట్టరు. మన రాజ్యాంగం చేతిరాత ప్రతి పార్లమెంటు గ్రంథాలయంలో నైట్రోజన్ నింపిన పెట్టెలో ఉంటుంది. హీలియం అని రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. అది అమెరికా తన స్వాతంత్ర్య ప్రకటనకు 1951లో వాడిన వాయువు, తర్వాత వాళ్లూ ఆర్గాన్‌కు మారారు.

ఆ ప్రకటనను అసలు దెబ్బతీసింది వెలుతురు. 1841 నుంచి దాదాపు 35 ఏళ్లు కిటికీ వెలుగు పడే గోడమీద వేలాడదీశారు. ఇప్పుడు చాలా సంతకాలు ఆనవు. వెలుతురు చేసే నష్టం కూడుకుంటూ పోతుందే గాని తరగదు: 500 లక్సుల్లో (లక్సు అంటే వెలుతురు కొలత) ఒక గంటా, 50 లక్సుల్లో పది గంటలూ లెక్కకు ఒకటే. మ్యూజియంలో గది మసకగా ఉంచేదీ, కొన్ని నెలలకు అసలు ప్రతిని తీసి నకలు పెట్టేదీ ఇందుకే.

ఇంట్లో తాతలనాటి దస్తావేజుకు ఫ్రేము కట్టించాలనుకుంటే జిరాక్సుకు కట్టించండి. అసలుకు లామినేషన్ మాత్రం వద్దు, అతుక్కున్న ప్లాస్టిక్కు కాగితాన్ని చింపకుండా ఊడిరాదు.