ఐస్‌లో ఉప్పు కలిపితే ఎక్కువసేపు ఆగుతుందా? రొయ్యల రైతులకు రాస్తున్నాను

చెరువుల్లో రొయ్యల పట్టుబడులు మొదలైతే నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ వాటిలో ఇదే ప్రశ్న. "సార్, బండి లేటయ్యేలా ఉంది. ఐస్ మీద ఉప్పు చల్లితే ఆగుతుంది కదా?" ఆగదు. రొయ్యల ప్లాంటులో క్వాలిటీ చూసే పని నాది. ఈ ఒక్క మాట నమ్మి రేటు పోగొట్టుకున్నవాళ్లను చూస్తూనే ఉన్నాను.

అపోహ: ఉప్పు వేస్తే ఐస్ గట్టిపడి ఎక్కువసేపు నిలుస్తుంది.

వాస్తవం: ఇంకా తొందరగా కరుగుతుంది. ఐస్ ఫ్యాక్టరీలో ఉప్పునీళ్ల తొట్టి చూసినవాళ్లకు ఉప్పుతో ఐస్ నిలుస్తుందన్న నమ్మకం బాగా కుదురుతుంది. ఆ ఉప్పునీళ్లు సున్నా కంటే చల్లబడినా గడ్డకట్టవు. అందుకే వాటిలో దించిన డబ్బాల్లోని మంచినీళ్లు దిమ్మలవుతాయి. డబ్బా బయటే ఉంటుంది ఉప్పు, ఐస్‌లో కలవదు.

ఐస్ మీద ఉప్పు పడితే సున్నా దగ్గర కరగాల్సింది అంతకంటే తక్కువలోనే కరగడం మొదలవుతుంది. కరగడానికి కావాల్సిన వేడిని తన నుంచీ చుట్టూ ఉన్న సరుకు నుంచీ లాక్కుంటుంది. అందుకే చల్లదనం పెరుగుతుంది, ఐస్ తగ్గిపోతుంది. కిలో ఐస్ కరిగితే దాదాపు 80 కిలోకేలరీల వేడి పీల్చుకుంటుంది. అదే మైనస్ 10 డిగ్రీల ఉప్పునీళ్లయితే సున్నాకు వచ్చేలోపు కిలోకి 10 కూడా పీల్చుకోవు. దారికి దాచుకోవాల్సిన ఐస్ మొదటి గంటల్లోనే ఖర్చైపోయినట్టు.

రెండో నష్టం రొయ్యకు. దాని కండ మైనస్ 2 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. ట్రేలో మెల్లగా గడ్డకడితే లోపల పెద్ద పెద్ద మంచు పలుకులు ఏర్పడి కండను చీలుస్తాయి. కరిగాక నీరు కారిపోతుంది, తూకం పడిపోతుంది.

మూడేళ్ల కిందట భీమవరం దగ్గర ఊరి రైతు ఒకాయన 40 కౌంట్ (కిలోకు 40 రొయ్యలు తూగే) సరుకు పంపాడు. దారిలో బండి ఆగిపోయింది. ఎవరో చెప్పారని మూటెడు ఉప్పు చల్లించాడు. తెల్లవారుజామున ట్రేలు దించాక నేనే థర్మామీటర్ గుచ్చాను. ఉప్పు పడ్డచోట మైనస్ 4. పక్క ట్రేల్లో ఐస్ నీళ్లై కారిపోయి 9. పెంకులు తెల్లబారి రొయ్యలు ఒకదానికొకటి అతుక్కున్నాయి. విడదీసి వేలితో నొక్కితే కండ తిరిగి లేవలేదు. ఆయన కాటా పక్కనే నిలబడి, "చల్లగానే ఉంచాను కదా సార్, తప్పెక్కడ జరిగింది?" అన్నాడు. రాత్రంతా నిద్ర లేని మనిషికి ఏం చెప్పాలో తోచలేదు. ఉప్పు సలహా ఇచ్చినవాళ్లెవరూ అక్కడ లేరు.

కిలో రొయ్యను 30 డిగ్రీల నుంచి సున్నాకు దించడానికి మూడో వంతు కిలో ఐస్ చాలు. మిగతాదంతా దారిలో లోపలికొచ్చే వేడికి. అందుకే కిలోకి కిలో వేయమంటాం. దిమ్మను బాగా పొడి చేసి, అడుగున ఒక వరస, రొయ్యల మధ్య ఒక వరస, పైన ఒక వరస వేయండి. మూత, పైన టార్పాలిన్. బండి ఆగిపోతే టెన్షన్ పడి ఉప్పు వెతక్కండి, దగ్గర్లోని ఐస్ ప్లాంటులో ఇంకో రెండు దిమ్మలు కొనండి.

మిగతా సందేహాలు చిన్నవే. ఐస్ కరిగేది ఉప్పులో వేడి ఉండి కాదు. కల్లుప్పుకీ మెత్తుప్పుకీ తేడా కరిగే వేగంలోనే. ఎంత ఉప్పు పోసినా మైనస్ 21 దాటి కిందికి పోదు. నల్లమచ్చను (పట్టాక రొయ్య తల, పెంకు నల్లబడడం) ఆపడానికి ఉప్పు పనికిరాదు, పట్టిన వెంటనే చల్లబరచాలి.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే రెండు స్టీలు గ్లాసుల్లో ఐస్ ముక్కలు వేసి, ఒకదాంట్లో రెండు చెంచాల ఉప్పు కలిపి చూడండి. ఉప్పు లేని గ్లాసుకు బయట చెమట పడుతుంది. ఉప్పు గ్లాసుకు తెల్లటి మంచు పడుతుంది, లోపల ఐస్ మాత్రం ముందే నీళ్లవుతుంది. దాన్ని చేత్తో ఎక్కువసేపు పట్టుకోకండి, కాలినట్టు బొబ్బ లేస్తుంది.