అధికమాసం ఎందుకొస్తుంది? కాలగణనపై అపోహలు - వాస్తవాలు

పంచాంగ గణితం నా పని. ఉగాది దగ్గర పడుతోందంటే ఫోన్లు మొదలవుతాయి. అడిగేవాళ్లను తప్పుపట్టను, ఈ లెక్క బడిలో ఎవరూ చెప్పరు కదా.

అపోహ: పూర్వీకుల లెక్క తప్పింది కాబట్టే మధ్యలో అధికమాసం చేర్చాల్సి వస్తోంది.

వాస్తవం: అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29.53 రోజులు. అలాంటి నెలలు పన్నెండైతే 354 రోజులు. ఋతువులు ఒక చుట్టు తిరిగి రావడానికి మాత్రం 365 రోజుల పైచిలుకు పడుతుంది. ఏటా 11 రోజుల తేడా! వదిలేస్తే పదహారేళ్లకు ఉగాది దసరా రోజుల్లోకి వచ్చి పడుతుంది. అప్పుడు పచ్చడిలోకి వేపపువ్వు ఎక్కణ్ణుంచి తెస్తాం? అందుకే రెండు అమావాస్యల మధ్య సూర్యుడు రాశి మారకపోతే ఆ నెలను అధికమాసం అన్నారు. 2023లో శ్రావణం, 2026లో జ్యేష్ఠం అలా వచ్చినవే.

బాబిలోనియా వాళ్లకూ ఇదే చిక్కు. 19 ఏళ్లకు ఏడు అదనపు నెలలని 2,300 ఏళ్ల కిందటికే స్థిరపరచుకున్నారు. ఈజిప్టు వాళ్లు పౌర క్యాలెండర్లో చంద్రుణ్ణి పక్కన పెట్టి, 30 రోజుల నెలలు పన్నెండు, చివర మరో 5 రోజులు పెట్టుకున్నారు. లీపు రోజు లేక నాలుగేళ్లకొక రోజు చొప్పున ఋతువులు నెలల్లో జరిగిపోయేవి. హిజ్రీ క్యాలెండర్ చంద్రుణ్ణే పట్టుకుంది కనుక రంజాన్ దాదాపు 33 ఏళ్లలో అన్ని ఋతువులూ చుట్టి వస్తుంది. ఎవరి అవసరం వాళ్లది. సూర్యచంద్రులిద్దర్నీ వదలని మన పద్ధతి మీద నాకు మమకారం ఎక్కువ.

అపోహ: రెండు పంచాంగాల్లో పండగ వేర్వేరు రోజుల్లో ఉంటే ఎవరో కూడికలో పొరపాటు చేసినట్టే.

వాస్తవం: చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు ముందుకు జరిగితే ఒక తిథి. చంద్రుడి వేగం మారుతుంటుంది కాబట్టి ఒక తిథి 20 గంటలకే ముగిస్తే, మరొకటి 26 గంటలు దాటుతుంది. కొందరు సూర్యసిద్ధాంతం అనే ప్రాచీన జ్యోతిష గ్రంథం ప్రకారం లెక్క కడతారు. కొందరు ఆకాశంలో కనిపించే స్థానాలకు సరిపోయే దృగ్గణితం చేస్తారు, నేనూ అంతే. తిథి ముగిసే వేళలో గంటల తేడా వస్తుంది. సూర్యోదయానికి ఉన్న తిథినే సాధారణంగా ఆ రోజు తిథిగా తీసుకుంటాం కాబట్టి, అది సూర్యోదయానికి అటూ ఇటూ పడితే పండగ రోజే మారిపోవచ్చు. టెన్షన్ పడుతూ ఫోన్ చేసేవాళ్లతో, "మీ ఇంట్లో ఏది చూసే ఆనవాయితీ ఉంటే అదే చేసుకోండమ్మా" అంటాను.

అపోహ: 2012తో లోకం అంతమని మధ్య అమెరికాలోని ప్రాచీన మాయా ప్రజల క్యాలెండర్ చెప్పింది.

వాస్తవం: క్రీ.పూ. 3114లో మొదలైన వాళ్ల పెద్ద లెక్కలో ఒక చుట్టు అప్పటికి పూర్తయింది, అంతే. వాళ్ల పాత నగరం పాలెంకేలోని శాసనంలో క్రీ.శ. 4772 నాటి తేదీ కూడా ఉంది.

అపోహ: గడియ అంటే ఉజ్జాయింపు మాట.

వాస్తవం: గడియ అంటే 24 నిమిషాలు, రోజుకు 60. అడుగున సన్నని రంధ్రమున్న రాగి గిన్నెను నీళ్ల మీద వదిలి కొలిచేవారు. నేనూ ఒకటి చేయించాను. మొదట 17 నిమిషాలకే మునిగింది. రంధ్రం అంచున తేనెమైనం రాసి, కాస్త గీకి, మళ్లీ రాసి, మూడు రోజులు కుస్తీ పట్టాను. నాలుగో రోజు పొద్దున సరిగ్గా 24వ నిమిషంలో నీళ్లు అంచు దాటాయి, గిన్నె టంగుమని గంగాళం అడుగు తాకింది.